నారాయణపేట చీరలో జపాన్ సుందరి: చెక్క పలకలతో రంగుల ప్రింటు చేసే పద్ధతి

అందమైన ఆడవాళ్ల బొమ్మలను జపాన్‌లో బిజిన్-గా అంటారు. 1765లో సుజుకి హరునొబు చేతిలో రంగురంగుల చెక్క అచ్చు నిలదొక్కుకుంది. 1790లలో కితగవ ఉతమరో ముఖాన్ని పెద్దగా, దగ్గరగా గీసి, వెనక అభ్రకం పొడి మెరుపు వేయించాడు. ఇరవయ్యో శతాబ్దానికి ఆ పని దాదాపు చచ్చిపోయే దశకు వచ్చింది. అప్పుడు టోక్యోలో వతనబె షోజబురో అనే ప్రచురణకర్త 1915 నుంచి దాన్ని మళ్లీ లేపాడు. ఆ తరహాకు షిన్-హంగా, అంటే కొత్త అచ్చు, అని పేరొచ్చింది. హషిగుచి గోయో, ఇతో షిన్సుయి, తొరీ కొతొందొ గీసిన ఆడవాళ్లు జుట్టు దువ్వుకుంటూనో, అద్దం ముందు కూర్చునో కనిపిస్తారు. పాత బొమ్మల్లో ముఖం గీత ఎక్కువగా నల్లగా, ఒకే పోతగా ఉంటుంది. వీళ్లు ఆ గీతను ఎరుపు కలిసిన గోధుమ రంగులోకి మార్చారు, దవడ కింద చిన్న నీడ పెట్టారు. మనం ఇక్కడ పట్టుకునేది ఈ రెండో తరహానే.

ఉదాహరణకు తీసుకున్న బొమ్మ: పాలమూరు ఇంట్లో, కిటికీ పక్కన, నారాయణపేట గళ్ల చీర కట్టుకుని జడ అల్లుకుంటున్న ఆడమనిషి, నడుము పైభాగం మాత్రమే. కిమోనో గీయాల్సిన పని లేదు. గళ్లు, అంచు, మల్లెపూలు, వంచిన మెడ ఉంటే ఈ పద్ధతికి కావలసిన సరంజామా అంతా మన దగ్గర ఉన్నట్టే.

ఒక్క సంగతి ముందే మనసులో పెట్టుకోవాలి. ఈ ప్రింటులో ముఖానికి వెలుగు రంగులోంచి రాదు, కాగితంలోంచి వస్తుంది. తెల్ల రంగు ఎక్కడా వాడం. చెక్కడంలో, తడపడంలో, రుద్దడంలో పడే జాగ్రత్తంతా ఆ అరచేతంత చోటు పాడు కాకుండా చూడడానికే.

గీత, పలకల లెక్క

బొమ్మ 18 × 25 సెంటీమీటర్లు పెట్టుకోండి. జపాన్‌లో పెద్ద సైజు, ఓబన్, సుమారు 26 × 38 ఉంటుంది. మొదటిసారి అంత పెద్దది తడిగా ఆరకుండా నిలబెట్టడం కష్టం. కాగితం 22 × 31కి కోసుకుంటే అంచుల్లో ఖాళీ సరిపోతుంది.

గీసేటప్పుడు మూడు చోట్ల ఆగండి. ఒకటి కన్ను: పై రెప్ప గీత ఒక్కటే ముదురుగా ఉండాలి, కింది రెప్ప ఉందా లేదా అన్నట్టు ఉంటే చాలు. రెండోది మెడ వెనక వంపు. జపాన్ వాళ్లు సగం అందం అక్కడే చూశారు, జడ ముందుకు వేసుకున్న మన ఆడవాళ్లకు కూడా అది అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. మూడోది నుదుటి మీద, చెవి పక్కన జుట్టు మొదలయ్యే చోటు. అక్కడ గట్టు కట్టినట్టు ఒకే గీత గీస్తే విగ్గు పెట్టినట్టుంటుంది. వెంట్రుకలు విడివిడిగా, చర్మంలోకి సన్నబడుతూ పోవాలి.

పలకలకు వడ్రంగి దుకాణంలో దొరికే టేకు వద్దు. దాని రంధ్రాలు పెద్దవి, సన్న గీతలో పళ్లు ఊడినట్టు కనిపిస్తాయి. నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి కట్టె మరీ మెత్తన, వెంట్రుక గీత బారెన్ (కాగితం వెనక రుద్దే బిళ్ల) కింద నలిగిపోతుంది. జపాన్‌లో వాడేది కొండ చెర్రీ కట్టె. అది మనకు అందదు. మొదలుపెట్టేవాళ్లకు 6 మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్ మంచిది, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. 24 × 32 ముక్కలు అయిదు తీసుకుని రెండు వైపులా చెక్కితే పది ముఖాలు వస్తాయి. మన బొమ్మకు సరిగ్గా పదే కావాలి: నల్ల గీతలు, చర్మం గీతలు, చర్మం రంగు, చీర నేల రంగు, గళ్ల నిలువు గీతలు, గళ్ల అడ్డ గీతలు, ఎరుపు (అంచు, రవిక, పెదవులు, బొట్టు), జుట్టు నలుపు, వెనక గోడ, చివరగా రంగు లేని మల్లెపూల పలక.

తల భాగం మరీ సన్నగా రావాలంటే ఒక పాత ఉపాయం ఉంది. జపాన్ చెక్కడపువాళ్లు అవసరమైన చోట పలకలో గుంత తీసి వేరే గట్టి కట్టె ముక్క బిగించేవాళ్లు. మన దగ్గర బాగా ఆరిన జామ కట్టె ఆ పనికి వస్తుంది. నారు సన్నం, గట్టి, వెడల్పు మాత్రం తక్కువ. ముఖం వరకు చాలు. ముక్క చుట్టూ సందు లేకుండా బిగించి, పైభాగం పలకతో సమంగా చిత్రిక పట్టాలి. వేలు ఆనిస్తే తగిలే తేడా ప్రింటులో గీతలా కనపడుతుంది.

పలక మీదికి దించడం, చెక్కడం

బొమ్మను పలచటి కాగితం మీద సిరాతో శుభ్రంగా దించుకోండి. పలకకు గంజి పలచగా పూసి, అర నిమిషం ఆగి, బొమ్మ వైపు కిందికి వచ్చేలా అతికించండి. ఆరాక వేలికి కాస్త నీళ్లు తగిలించి కాగితం పై పొరను రుద్ది తీసేస్తే గీతలు తేటగా బయటపడతాయి. రెండు చుక్కల కొబ్బరినూనె రాస్తే ఇంకా తేట. బొమ్మ పైకి పెట్టి అతికిస్తే మాత్రం ప్రింటు తిరగబడుతుంది, కొంగు కుడి భుజం మీదికి వచ్చి కూర్చుంటుంది. జపాన్‌లో ఎవరూ పట్టించుకోకపోవచ్చు, ఇక్కడ ఇంటికొచ్చిన పెద్దమ్మ మొదట పట్టేది అదే.

చెక్కడానికి ముందే కెంటో గుర్తులు గీయాలి. కాగితాన్ని ప్రతి పలక మీదా ఒకే చోట కూర్చోబెట్టేవి ఇవే. బొమ్మకు సెంటీమీటరు దూరంలో, మీ వైపు ఉండే అంచున, కుడి మూల ఒక ఎల్ ఆకారం, అదే అంచు మీద ఎడమ వైపుకు ఒక సరళ గీత. కాగితం ఆనే గీత దగ్గర కత్తిని నిట్టనిలువుగా, మిల్లీమీటరు లోతుకు దించి, బొమ్మ వైపు నుంచి ఏటవాలుగా చెక్క తీసేయండి. గోడ నిటారుగా లేకపోతే కాగితం దాన్ని ఎక్కేస్తుంది, రంగులన్నీ పక్కకు జరుగుతాయి.

పనిముట్లు ఎక్కువ అక్కర్లేదు: ఏటవాలు మొన కత్తి ఒకటి, 3, 6, 10 మిల్లీమీటర్ల గుండ్రటి ఉలులు, 3, 6 మిల్లీమీటర్ల చదును ఉలులు, చిన్న సుత్తి. సానరాయి 1000 నంబరు, 6000 నంబరు. అరగంటకోసారి తోలు మీద పదును పట్టండి. మొద్దు కత్తి కట్టెను కోయదు, నొక్కుతుంది. నొక్కిన నారు నీళ్లు తగలగానే ఉబ్బి గీత లావవుతుంది.

గీతకు రెండు పక్కలా కత్తి వాటంగా పోవాలి, గీత అడుగు వెడల్పుగా, పైన సన్నగా, చేను గట్టులా మిగలాలి. నిట్టనిలువుగా కోస్తే పది ప్రింట్లకే విరుగుతుంది. గీత పక్కన 2 మిల్లీమీటర్ల లోతు చాలు. ఖాళీ వెడల్పుగా ఉన్న చోట లోతుకు పోవాలి, లేకపోతే కాగితం కిందికి వంగి మరకలంటుకుంటాయి. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు రెండు వైపులా చెక్కుతున్నాం కాబట్టి 2.5 దాటొద్దు, వెడల్పాటి ఖాళీల్లో అంటుకునే మరకను ప్రతిసారీ గుడ్డతో తుడుచుకోవాలి.

నుదుటి వెంట్రుకలకు తొందర పనికిరాదు. అన్నింటికీ ఎడమ పక్క కోతలు ఒకే వరసలో, ఒకే చేతి వాటంతో కానివ్వండి. తర్వాత పలకను తిప్పి కుడి పక్క కోతలు. ఒక్కో వెంట్రుకకు రెండు పక్కలూ పూర్తి చేస్తూ పోతే వాటి మధ్య ఎడం ఒక్కోచోట ఒక్కోలా వస్తుంది. పేరున్న చెక్కడపువాళ్లు మిల్లీమీటరులో ఒకటికి మించి వెంట్రుకలు పట్టిస్తారు. మొదటి బొమ్మకు మిల్లీమీటరుకు ఒకటి వస్తే గర్వపడొచ్చు. ప్లైవుడ్ మీద నారుకు అడ్డంగా పోయే వెంట్రుకలు ఎగిరిపోతాయి. అందుకే పలకను కోసుకునేటప్పుడే నారు దిశ జుట్టు దువ్విన దిశకు కుదిరేలా చూసుకోండి. ఎగిరిన ముక్క కనబడితే గంజితో కాదు, ఫెవికాల్‌తో అతికించి రాత్రంతా వదలండి.

గీతల పలక పూర్తయ్యాక కెంటో గుర్తులతో సహా పన్నెండు ప్రతులు పలచటి కాగితం మీద నల్లగా తీయండి. ఒక్కో ప్రతి మీద ఒక్కో రంగుకు సంబంధించిన చోటు ఎర్ర పెన్సిలుతో నింపి, మిగతా పలకల మీద అతికించి చెక్కాలి. ఇలా చేస్తే అన్ని పలకలకూ ఒకే తల్లి. ముఖం, చేతుల గీతలను కూడా ఒక ప్రతి నుంచి వేరే పలకకు ఎక్కించండి. అది బాగా వచ్చిందని తేలాకే మొదటి పలకలోంచి ఆ గీతలు చెక్కేయండి. ముందే తీసేసి తర్వాత తల పట్టుకునేవాళ్లు చాలామంది.

గళ్లను ఒకే పలక మీద చెక్కే ఆశ వదులుకోండి. నేతలో ఉన్నట్టే చేద్దాం: నిలువు గీతలన్నీ పడుగు పలక, అడ్డ గీతలన్నీ పేక పలక. రెండూ కింది రంగు కనిపించే పలచటి రంగులే కాబట్టి గీతలు దాటుకున్న చోట రంగు దానంతటదే చిక్కబడి, మగ్గం మీద నూలు కలిసినట్టే చిన్న ముదురు చుక్క పడుతుంది. ఒకే పలకలో ఈ చుక్క ఎంత చెక్కినా రాదు. గళ్లు మడత దగ్గర విరిగి, రెండు గీతల ఎడం తగ్గించుకుని మళ్లీ తేరుకోవాలి. భుజం మీద తిన్నగా పోతే చీర అట్టముక్కలా ఉంటుంది. పోచంపల్లి ఇక్కత్ గీయాలనుకునేవాళ్లు ఆకారం అంచుల్లో, నూలు పోయే దిశలో, రంపపు పళ్లలా సన్న గాట్లు పెడితే రంగు పాకినట్టు కనిపిస్తుంది.

కాగితం, గంజి, తడి

కాగితం జపాన్ కోజోది కావాలి. చదరపు మీటరుకు 80 నుంచి 120 గ్రాముల మందం. దీన్ని మల్బరీ కాగితం అని అమ్ముతారు కానీ మన దగ్గర పట్టుపురుగులకు వేసే మల్బరీ వేరు, ఇది దాని చుట్టం. నేపాల్ లోక్తా కాగితం చవక, అభ్యాసానికి సరిపోతుంది. నూలు పీచు చేతి కాగితం పది సార్లు రుద్దేసరికి పై పొర లేచిపోతుంది.

సైజింగ్ (రంగు పాకకుండా కాగితానికి పట్టించే జిగురు పూత) లేని కాగితం కొంటే మీరే పట్టించాలి. లీటరు నీళ్లలో 15 గ్రాముల జెలటిన్ గంటసేపు నానబెట్టి, మరగనివ్వకుండా వేడి చేసి కరిగించండి. 6 గ్రాముల పటిక విడిగా వేడినీళ్లలో కరిగించి కలపండి. వెడల్పాటి కుంచెతో రెండు వైపులా పూసి తీగ మీద ఆరబెట్టండి. పటిక నల్లగొండ వాళ్లకు కొత్త కాదు, ఫ్లోరైడ్ నీళ్లను పటిక, సున్నంతో శుద్ధి చేసే పద్ధతికి ఈ ఊరి పేరే పెట్టారు. అయితే ఇక్కడ చేయి జారొద్దు. పటిక ఎక్కువైతే కాగితం ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కి పెళుసవుతుంది. రంగులకు, గంజికి బోరు నీళ్లు కాకుండా ఫిల్టరు నీళ్లు వాడండి. ఉప్పు నీళ్లు ఆరాక జుట్టు నలుపు మీద తెల్లటి పొర కనిపిస్తుంది.

గంజికి 10 గ్రాముల మెత్తటి బియ్యప్పిండి, 70 మిల్లీలీటర్ల నీళ్లు. ఉండలు లేకుండా కలిపి సన్న సెగ మీద తిప్పుతూ, తెల్లదనం పోయి అద్దంలా మారేవరకు ఉడికించండి. బట్టలో వడకట్టండి. ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది, పులుపు వాసన వస్తే పారబోయండి.

అచ్చు వేసే ముందు రోజు రాత్రి కాగితం తడపాలి. పాత దినపత్రిక కాగితాలను నీళ్లలో ముంచి పిండి, ఒక తడి కాగితం, మూడు కోజో కాగితాలు, మళ్లీ ఒక తడి కాగితం ఇలా పేర్చి పాలిథిన్‌లో చుట్టి, పైన పలక, దాని మీద రెండు ఇటుకలు. పత్రిక సిరా అంటుతుందనుకుంటే అచ్చు లేని తెల్ల న్యూస్‌ప్రింట్ వాడండి. పొద్దున కాగితం చెంపకు ఆనిస్తే చల్లగా ఉండాలి, వెలుతురుకు పట్టుకుంటే నీటి మెరుపు కనబడకూడదు, ఊపితే గలగలమనకూడదు.

మే నెలలో నల్లగొండలో 44 డిగ్రీలుంటే పలక మీద రంగు కాగితం వేసేలోపే ఆరిపోతుంది. తెల్లవారుజాము అయిదున్నర నుంచి తొమ్మిది లోపు పని ముగించండి. ఫ్యాన్ ఆపండి. కూలర్ గాలి సూటిగా తగలకుండా పక్క గదిలో నడిపితే గాలిలో తేమ నిలుస్తుంది. వానాకాలం పని హాయిగా సాగుతుంది కానీ తడి కట్ట మూడు రోజులు దాటితే బూజు చుక్కలు వస్తాయి. మధ్యలో ఆపాల్సి వస్తే కట్టను పాలిథిన్‌తో సహా ఫ్రిజ్‌లో పెట్టండి.

అచ్చు వేయడం

రంగు పూయడానికి బూట్ల పాలిష్ బ్రష్ పనికొస్తుంది, గుర్రపు వెంట్రుకలది. కొత్త బ్రష్ మొనలు గరుకుగా ఉంటాయి. వేడి పెనం మీద కొనలు లేతగా కాల్చి, తడిపి, గరుకు కాగితం మీద రుద్దితే మొనలు చీలి మెత్తబడతాయి. జపాన్‌లో ఇదే పనికి సొరచేప చర్మం వాడతారు. నలుపుకొకటి, ఎరుపుకొకటి, లేత రంగులకొకటి వేర్వేరుగా ఉంచుకోండి.

బారెన్ అంటే కాగితం వెనక రుద్దే గుండ్రటి బిళ్ల. అసలుది వెదురు తాడు చుట్టి వెదురు పొర కప్పింది, ధర ఎక్కువ. అడుగున గుబ్బలున్న ప్లాస్టిక్ బారెన్‌తో మొదలుపెట్టండి. తేలిగ్గా జారడానికి కొబ్బరినూనె అంటిన గుడ్డ మీద అప్పుడప్పుడు తుడవండి. నువ్వుల నూనె వద్దు, రోజులు గడిస్తే జిగురవుతుంది.

రంగుకు వాటర్‌కలర్ ట్యూబులు చాలు. ఇండియన్ ఇంక్ జోలికి పోకండి, అందులోని లక్క బ్రష్‌ను, పలకను గట్టిపరుస్తుంది. పాతకాలపు గులాబీ రంగు కుసుమ పువ్వుల నుంచే తీసేవాళ్లు. పాలమూరు, తాండూరు వైపు చేలల్లో కనిపించే కుసుమే అది. వెలుతురుకు వెలిసిపోతుంది కాబట్టి ట్యూబు రంగే నమ్మకం.

పలకను తడిగుడ్డతో రెండు వైపులా తుడవండి. ఒక వైపే తడిస్తే వంగుతుంది. రంగు రెండు మూడు చోట్ల చుక్కలుగా, పక్కన బియ్యపు గింజంత గంజి. బ్రష్‌తో గుండ్రంగా కలిపి, చివరి రెండు చేతులు నారు వెంట తేలికగా లాగండి. కాగితం కుడి మూలను ఎల్ గుర్తులో, తర్వాత ఎడమ అంచును గీతకు ఆనించి వదలండి. పైన బటర్ పేపర్ వేసి బారెన్‌తో భుజం బరువు దింపి రుద్దండి. మణికట్టు బలంతో రుద్దితే అయిదో ప్రింటుకే చేయి పట్టేస్తుంది.

వరస ఇది: నల్ల గీతలు లేత బూడిద రంగులో, చర్మం గీతలు, చర్మం, వెనక గోడ, చీర నేల, పడుగు, పేక, ఎరుపు, చివర జుట్టు. మొదటి రెండు మూడు కాగితాలు పాడవడానికే అనుకోండి. పన్నెండు మంచి ప్రింట్లు కావాలంటే పద్దెనిమిది తడపండి.

చర్మం దగ్గర జపాన్ లెక్క మనకు సగమే పనికొస్తుంది. అక్కడ తెల్లకాగితమే దాదాపు ముఖం. చామనఛాయకు 20 మిల్లీలీటర్ల నీళ్లలో శనగగింజంత ఎల్లో ఓకర్, అందులో సగం బర్న్ట్ సియెన్నా కలిపి, మూడు పలచటి పోతలు వేయండి. ఒకే చిక్కటి పోతలో తెద్దామనుకుంటే ముఖం మట్టి పూసినట్టు మూసుకుపోతుంది. మూడో పోతను బొకాషిగా, అంటే రంగు కరిగిపోయేలా వేస్తారు: పలక మీద చెంప భాగాన్ని తడిగుడ్డతో అద్ది, బ్రష్ ఒక మూలకు మాత్రమే రంగు తగిలించి, ఆ మూల దవడ వైపు ఉండేలా అటూ ఇటూ లాగాలి. దవడ దగ్గర ముదురు, చెంప మీదికి వచ్చేసరికి ఏమీ లేకుండా పోవాలి. చీర ఎరుపు లోతుగా రావాలంటే కింద ఒక లేత బూడిద పోత వేయండి.

మల్లెపూలకు రంగు లేదు. చర్మం, జుట్టు, గోడ పలకలన్నింటిలో పూల చోటు ఖాళీగా చెక్కి ఉంటుంది కాబట్టి కాగితం తెల్లగా మిగులుతుంది. అన్ని రంగులూ అయ్యాక, కాగితం ఇంకా తడిగా ఉండగానే, రేకులను లోతుకు చెక్కిన పొడి పలక మీద దాన్ని బోర్లించి, వెనక నుంచి చెంచా తోకతో ఒక్కో రేకులోకి నొక్కండి. దీన్ని కిమెదాషి అంటారు. బొమ్మ పక్క నుంచి దీపం పడితే పూలు ఉబ్బి కనిపిస్తాయి, ఎదురుగా చూస్తే ఏమీ ఉండదు.

ఎక్కడ చెడుతుంది

రంగులో నువ్వులు చల్లినట్టు తెల్ల చుక్కలు పడితే గంజి తక్కువైంది, లేదా కాగితం ఆరింది. గోడ మీద అదే చుక్క అందంగానూ ఉంటుంది, జపాన్‌లో కావాలనే వేస్తారు; ముఖం మీద మాత్రం అమ్మవారు పోసినట్టుంటుంది. ఆకారం అంచున ముదురు గట్టు కడితే పలక మీద రంగు ఎక్కువైంది, బ్రష్ పిండండి. వెంట్రుకల మధ్య పూడిపోతే పలకను తడి టూత్‌బ్రష్‌తో కడిగి, రంగు సగానికి తగ్గించండి. గీతలు పాకితే కాగితం మరీ తడిగా ఉంది, పొడి కాగితాల మధ్య పదిహేను నిమిషాలు పెట్టి మళ్లీ మొదలుపెట్టండి.

అన్నిటికంటే ఎక్కువ తిట్టించే తప్పు రంగులు గీత దాటడం. మొదటి రెండు పలకలకు సరిగ్గా కుదిరి, నాలుగో పలక నుంచి ఒకే వైపుకు జరుగుతూ పోతే కెంటో తప్పు కాదు, కాగితం ఆరి కుంచించుకుపోయింది. అన్ని కాగితాలనూ మళ్లీ తడి కట్టలో గంట పెడితే పూర్వపు కొలతకు వస్తాయి. మొదటి పలక నుంచే జరిగి ఉంటే కెంటో గోడ దగ్గర పలచటి కట్టె చీలిక అతికించో, ఒక పొర గీకో సరిదిద్దాలి.

వెనక గోడకు ఉతమరో కాలపు మెరుపు కావాలంటే ఆ పలక మీద రంగుకు బదులు చిక్కటి గంజి పూసి అచ్చు వేసి, వెంటనే అభ్రకం పొడి జల్లెడతో చల్లండి. పూర్తిగా ఆరాక మెత్తటి బ్రష్‌తో దులపండి. ముగ్గుల దుకాణంలో అమ్మే ప్లాస్టిక్ మెరుపు వేస్తే పెళ్లి కార్డులా ఉంటుంది.

పూర్తయిన ప్రింట్లను ఎండలో వేయకండి. పొడి కాగితాల మధ్య పలక కింద పెట్టి, మొదటి రోజు రెండు సార్లు ఆ కాగితాలు మార్చండి. పలకలను నీళ్లలో నానబెట్టకుండా తడిగుడ్డతో తుడిచి, గోడకు ఆనించి రెండు వైపులా గాలి తగిలేలా ఆరబెట్టండి. తర్వాత నేల మీద మాత్రం పేర్చొద్దు. గంజి పీల్చిన ప్లైవుడ్ అంటే చెదలకు విందు భోజనమే. ఇనుప బీరువా పైఅరలో, మధ్య మధ్య సన్న కట్టె పుల్లలు పెట్టి పడుకోబెట్టండి.